హెచ్‌పీడీ ఇంటరప్ట్ వచ్చింది, మరి మానిటర్ వచ్చినట్టేనా?

హెచ్‌పీడీ అంటే ‘హాట్‌ప్లగ్ డిటెక్ట్’, అవతల ఏదో తగిలిందని చెప్పే పిన్. ఇంటరప్ట్ అంటే చిప్ ప్రాసెసర్‌ని ఆపి పిలిచే పిలుపు. మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. శ్రీకాకుళంలో ఒక చిన్న టీమ్‌లో పనిచేస్తున్నారు. ఏఆర్‌ఎం బోర్డు, దాని మీద లినక్స్, హెచ్‌డీఎంఐ చిప్‌కి డ్రైవర్ మీరే రాస్తున్నారు. కేబుల్ పెడితే పదిసార్లలో రెండు మూడుసార్లు స్క్రీన్ రావడం లేదు. వచ్చినప్పుడు కూడా కొన్నిసార్లు రెండుసార్లు ఆరి వెలుగుతోంది. మాడ్యూల్ తీసేటప్పుడు ఒక్కోసారి సిస్టమ్ మొత్తం బిగుసుకుపోతోంది. ‘ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోనే ఈడీఐడీ చదవొచ్చా, డీబౌన్స్ ఎన్ని మిల్లీసెకన్లు పెట్టాలి’ అని అడిగారు. ఈడీఐడీ అంటే మానిటర్ తన సామర్థ్యాలు చెప్పుకునే చిన్న డేటా, డీబౌన్స్ అంటే సిగ్నల్ కుదురుకునేదాకా ఆగడం.

చదవకూడదు. హ్యాండ్లర్‌లో చేయాల్సినవి రెండే పనులు. ఇంటరప్ట్‌ని క్లియర్ చేయాలి, మిగతాది తర్వాత తీరిగ్గా నడిచే థ్రెడ్‌కో వర్క్‌క్యూకో అప్పగించాలి. డీబౌన్స్ విషయానికొస్తే, హెచ్‌డీఎంఐలో నేను 150 మిల్లీసెకన్లతో మొదలుపెడతాను. కానీ ఆ అంకె మార్చినంత మాత్రాన మీ మూడు సమస్యలూ పోవు. మీరు పెట్టిన కోడ్‌లో హెచ్‌పీడీ పైకి వెళ్తే ‘మానిటర్ ఉంది’ అని, కిందికి వస్తే ‘మానిటర్ లేదు’ అని నేరుగా రాసేసుకుంటున్నారు. తప్పు అక్కడే ఉంది. హెచ్‌పీడీ మనకు అందే కబురు మాత్రమే. ‘ఇక్కడ ఏదో మారింది, వచ్చి చూడు’ అని చెప్తుంది. ఏం మారిందో డ్రైవర్ వెళ్లి చూసుకోవాలి.

నేను 14 ఏళ్లుగా డిస్‌ప్లే డ్రైవర్ల పనిలోనే ఉన్నాను. మొదట హైదరాబాద్, తర్వాత బెంగళూరు, ఇప్పుడు విజయనగరంలో ఇంటి నుంచే. నా దగ్గరికి వచ్చిన హాట్‌ప్లగ్ కేసుల్లో చాలావరకు ఆ కబురునే సాక్ష్యంగా తీసుకోవడం వల్ల వచ్చినవే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు వైరు సంగతి. మామూలు హెచ్‌డీఎంఐ కనెక్టర్‌లో 19 పిన్నులుంటాయి. 18వ పిన్ మీద మీ బోర్డు 5 వోల్టులు పంపుతుంది. 19వది హెచ్‌పీడీ. చాలా టీవీల్లో ఆ 5 వోల్టులనే సుమారు 1000 ఓమ్‌ల రెసిస్టర్ గుండా 19వ పిన్‌కి తిప్పి పంపుతారు. అంటే మీకు కనిపించే ‘హై’ మీ బోర్డు ఇచ్చిన వోల్టేజే, ఒక చుట్టు తిరిగి మీ దగ్గరికే వచ్చింది. ఈడీఐడీ దాచుకునే చిన్న మెమరీ చిప్ కూడా చాలా సెట్లలో ఆ 5 వోల్టులతోనే బతుకుతుంది. కాబట్టి టీవీ ప్లగ్‌ని గోడ నుంచి పీకేసినా హెచ్‌పీడీ హైలోనే ఉండొచ్చు, ఈడీఐడీ కూడా శుభ్రంగా రావచ్చు.

మన జిల్లాల్లో ఇది అరుదైన సంగతేమీ కాదు. బోర్డు ఇన్వర్టర్ మీద ఉంటుంది, టీవీ మెయిన్స్ మీద ఉంటుంది. కరెంటు పోతే టీవీ ఆరిపోతుంది, మీ డ్రైవర్ మాత్రం ‘కనెక్టెడ్’ అనే చెప్తూ ఉంటుంది. కరెంటు వచ్చాక టీవీ బూట్ అయి, కొన్ని సెకన్ల తర్వాత హెచ్‌పీడీని ఒకసారి కిందికి లాగి వదులుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత పలాస వైపు రోజుల తరబడి జనరేటర్ల మీద నెట్టుకొచ్చినప్పుడు, అలాంటి ఒక సెటప్‌లో నేను ఈ లాగి వదలడాన్ని గంటకు నాలుగైదుసార్లు చూశాను. ఆ డ్రైవర్ ప్రతిసారీ ‘మానిటర్ పోయింది, కొత్త మానిటర్ వచ్చింది’ అని రెండు ఈవెంట్లు పంపేది. మీ స్క్రీన్ రెండుసార్లు ఆరి వెలగడానికి కారణం కూడా ఇదే అయ్యుండాలి.

ఇక హ్యాండ్లర్‌లో ఎందుకు చదవకూడదో లెక్క వేసి చూడండి. ఈడీఐడీలో ఒక బ్లాక్ 128 బైట్లు. ఈడీఐడీ చదివే డీడీసీ లైన్ అంటే ఐటూసీ అనే నెమ్మది సీరియల్ బస్సే, వేగం సాధారణంగా 100 కిలోహెర్ట్జ్. బైట్‌కి 9 క్లాకులు పడతాయి, అంటే ఒక్క బ్లాక్‌కే దాదాపు 12 మిల్లీసెకన్లు. ఎక్స్‌టెన్షన్ బ్లాక్ కూడా ఉంటే 23 దాటుతుంది. హార్డ్ ఇంటరప్ట్‌లో అంతసేపు కూర్చోవడం పెద్ద తప్పు. పైగా ఐటూసీ ట్రాన్స్‌ఫర్ మధ్యలో నిద్రపోతుంది. ఇంటరప్ట్ కాంటెక్స్ట్‌లో నిద్రపోతే కెర్నల్ వెంటనే ‘షెడ్యూలింగ్ వైల్ అటామిక్’ అని కేకలు పెడుతుంది. ‘రిక్వెస్ట్ థ్రెడెడ్ ఐఆర్‌క్యూ’ వాడండి. థ్రెడ్ నుంచి డిలేడ్ వర్క్‌ని పెట్టండి. ఇంకో ఎడ్జ్ (పిన్ లెవెల్ మార్పు) వస్తే ‘మాడ్ డిలేడ్ వర్క్’ టైమర్‌ని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టిస్తుంది. చివరి ఎడ్జ్ తర్వాత 150 మిల్లీసెకన్లు ప్రశాంతంగా గడిచాకే అసలు పని మొదలవుతుంది.

పదిలో రెండు మూడుసార్లు స్క్రీన్ రాకపోవడానికి మీ కోడ్‌లో నాకు కనిపించిన కారణం ఇది. మీరు ముందు హెచ్‌పీడీ లెవెల్ చదివి, ఆ తర్వాత ఇంటరప్ట్ స్టేటస్ బిట్‌ని క్లియర్ చేస్తున్నారు. ఈ రెండింటి మధ్య పిన్ మారితే ఆ మార్పు తాలూకు బిట్ కూడా మీ క్లియర్‌లోనే తుడిచిపెట్టుకుపోతుంది. చేతిలో మిగిలేది పాత లెవెల్, మళ్లీ ఇంటరప్ట్ రాదు. ముందు క్లియర్ చేయండి, తర్వాతే లెవెల్ చదవండి. అప్పుడు మధ్యలో ఏది మారినా ఇంకో ఇంటరప్ట్‌గా వస్తుంది. మహా అయితే ఒకసారి ఎక్కువ చూస్తారు, నష్టం లేదు.

దీనికి తోడు, కేబుల్ దూర్చేటప్పుడు పిన్నులన్నీ ఒకే క్షణంలో తగలవు. చేయి కాస్త వంకరగా పెడితే హెచ్‌పీడీ ముందు తగిలి, డీడీసీ పిన్నులు తర్వాత తగులుతాయి. కబురు వచ్చింది, వెళ్లి చూస్తే ఈడీఐడీ రాలేదు, ‘డిస్‌కనెక్టెడ్’ అని రాసేశారు, అంతటితో కథ ముగిసింది. లినక్స్‌లోని రేడియాన్ డ్రైవర్‌లో డీవీఐ కనెక్టర్ల కోసం సరిగ్గా ఈ పరిస్థితికే కోడ్ రాసి ఉంది. హెచ్‌పీడీ ఉండి డీడీసీ జవాబివ్వకపోతే 1000 మిల్లీసెకన్ల తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ ఫైల్ తెరిచి కామెంట్ చదవండి, చాలా స్పష్టంగా రాశారు. మీరు కూడా 100, 200, 400 మిల్లీసెకన్ల తేడాతో మూడుసార్లు ప్రయత్నించండి. చదివిన ప్రతి బ్లాక్‌లో 128 బైట్లనూ కూడితే 256తో శేషం సున్నా రావాలి, రాకపోతే ఆ చదువు చెల్లదు. సగం సగం వచ్చిన ఈడీఐడీని నమ్మి మోడ్ పెట్టడం కంటే ఇంకో 400 మిల్లీసెకన్లు ఆగడం ఎంతో మేలు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. చాలామంది అనుభవజ్ఞులు కూడా ఇక్కడే పొరబడతారు, నేనూ పొరబడ్డాను.

హెచ్‌డీఎంఐ నియమం ప్రకారం టీవీ తన ఈడీఐడీ మారితే హెచ్‌పీడీని కనీసం 100 మిల్లీసెకన్లు కిందికి లాగి వదలాలి. కేబుల్ ఎవరూ ముట్టుకోలేదు, అయినా మీకు ఒక పల్స్ వస్తుంది. కొన్నేళ్ల కిందట విజయనగరంలో ఒక కల్యాణ మండపానికి నేను ఒక చిన్న బాక్స్ సిద్ధం చేసి ఇచ్చాను. పీటల మీద జరిగే తంతు భోజనాల హాల్లో కూర్చున్నవాళ్లకి స్క్రీన్ మీద కనిపించాలి. బాక్స్‌కీ స్క్రీన్‌కీ మధ్య ఒక హెచ్‌డీఎంఐ స్విచ్. ఒకవైపు ఫుల్ హెచ్‌డీ టీవీ, ఇంకోవైపు 1024 బై 768 పాత ప్రొజెక్టర్. జీలకర్ర బెల్లం సమయానికి ఎవరో స్విచ్‌ని ప్రొజెక్టర్ వైపు తిప్పారు. ప్రొజెక్టర్ ‘ఈ సిగ్నల్ చూపించలేను’ అని నీలం తెర వేసి కూర్చుంది. పెళ్లివారు నన్ను పిలిచేలోపు తాళి కట్టేశారు. భోజనాల హాల్లో ఉన్న ముసలివాళ్లెవరూ ఆ ఘడియ చూడలేకపోయారు. ఆ రోజు పడ్డ బాధ నాకు ఇంకా గుర్తుంది.

తప్పు పూర్తిగా నా డ్రైవర్‌దే. నేను డీబౌన్స్ 500 మిల్లీసెకన్లు పెట్టాను. స్విచ్ ఇచ్చిన పల్స్ 100 చిల్లర. 500 తర్వాత నా కోడ్ వెళ్లి చూస్తే లెవెల్ హై. పాత స్టేటస్ కనెక్టెడ్, కొత్త స్టేటస్ కనెక్టెడ్, ఏమీ మారలేదని వదిలేసింది. అవతల మాత్రం మానిటర్ మొత్తమే మారిపోయింది.

డీబౌన్స్ అంటే పనిని వాయిదా వేయడం. వచ్చిన ఎడ్జ్‌ని మర్చిపోవడం కాకూడదు. ఎడ్జ్ వచ్చిందని ఒక ఫ్లాగ్‌లో గుర్తుపెట్టుకోండి. వర్క్ నడిచినప్పుడు లెవెల్ ఎలా ఉన్నా సరే, ఆ ఫ్లాగ్ ఉంటే ఈడీఐడీ మళ్లీ చదవండి, అది పాతదానితో బైట్ బైట్ పోలాలి. తేడా ఉంటే స్టేటస్ మారకపోయినా యూజర్‌స్పేస్‌కి, అంటే కెర్నల్ బయట నడిచే ప్రోగ్రాములకి, చెప్పాలి. ఇప్పటి డీఆర్‌ఎం (లినక్స్ కెర్నల్‌లోని డిస్‌ప్లే విభాగం) కోర్‌లో దీనికోసమే కనెక్టర్‌కి ‘ఎపాక్ కౌంటర్’ అని ఒకటి ఉంది. ఈడీఐడీ మారితే అది పెరుగుతుంది, దాన్ని బట్టి హాట్‌ప్లగ్ ఈవెంట్ వెళ్తుంది. మీరు డిటెక్ట్ ఫంక్షన్‌లో ఈడీఐడీ చదివి కనెక్టర్ ప్రాపర్టీని అప్‌డేట్ చేస్తే చాలు, ఆ పోలికతో సహా మిగతాది కోర్ చూసుకుంటుంది. సొంతంగా పోల్చే కోడ్ రాయకండి.

ఇదే లెక్కతో, పల్స్ వచ్చిన ప్రతిసారీ ట్రాన్స్‌మిటర్‌ని ఆపేయకండి. డిజైన్‌వేర్ హెచ్‌డీఎంఐ డ్రైవర్ చూడండి. అందులో హెచ్‌పీడీతో పాటు ‘ఆర్‌ఎక్స్ సెన్స్’ అనే ఇంకో సిగ్నల్ చూస్తారు. అవతలి వైపు టెర్మినేషన్ ఉందా, అంటే ఎవరైనా నిజంగా వింటున్నారా అని అది చెప్తుంది. హెచ్‌పీడీ పడినా ఆర్‌ఎక్స్ సెన్స్ నిలబడి ఉంటే, టీవీ ఈడీఐడీ మళ్లీ చదవమంటోందని అర్థం. మీ చిప్‌లో అలాంటి రిజిస్టర్ ఉందేమో డేటాషీట్‌లో వెతకండి. ఉంటే మీకు రెండో సాక్షి దొరికినట్టే.

పలాసలో ఒక జీడిపప్పు యూనిట్‌లో ఇంకో రకం కేసు. పప్పుని రంగు బట్టి వేరు చేసే సార్టింగ్ మెషిన్, దాని పక్కనే కంప్రెసర్, మెషిన్‌కి బిగించిన మానిటర్. యజమాని ఫోన్ చేసి, ‘బాబూ, ఇది నిమిషానికోపాలి ఆరిపోతంది, మెషినంతా మొద్దుబారిపోతంది, ఏటి సేయమంటావు?’ అన్నారు. వెళ్లి ఇంటరప్ట్ లెక్కలు చూపే ‘ప్రోక్ ఇంటరప్ట్స్’ చూస్తే హెచ్‌పీడీ లైన్ లెక్క కళ్లముందే వందల్లో పెరుగుతోంది. కంప్రెసర్ అదురుకి కనెక్టర్ వదులై 19వ పిన్ తగులుతూ వదులుతూ ఉంది. జీడి పొట్టు దుమ్ము పట్టి లోపల జిడ్డుగా కూడా ఉంది. కళింగపట్నం, భీమిలి లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల పిన్నులకి చిలుము పట్టి కూడా ఇదే జరుగుతుంది.

కేబుల్ మార్చి, క్లాంప్ వేసి బిగించాం. కానీ వైరు పాడైనంత మాత్రాన సీపీయూ మొత్తం దానికే పోవడం డ్రైవర్ లోపమే. ఇంటెల్ ఐ915 డ్రైవర్ దీన్ని ‘స్టార్మ్’ అంటుంది, పరిష్కారం బాగుంటుంది. ఒక సెకను కిటికీలో పొడవు పల్స్‌కి 10, పొట్టి పల్స్‌కి 1 చొప్పున లెక్కపెడుతుంది. మామూలుగా ఆ లెక్క 50 దాటితే ఆ పిన్ ఇంటరప్ట్‌ని ఆపేసి పోలింగ్‌కి మారుతుంది. 2 నిమిషాల తర్వాత మళ్లీ ఇంటరప్ట్‌ని తెరిచి చూస్తుంది. మీ బోర్డు కూడా ఫ్యాక్టరీల్లోకీ బస్టాండ్ల పక్కకీ వెళ్లేదే కాబట్టి ఈ రక్షణ మొదటి వెర్షన్‌లోనే పెట్టండి. తర్వాత పెడదామనుకుంటే, అది గుర్తొచ్చేసరికి ఫీల్డ్‌లో యాభై బోర్డులు ఉంటాయి.

మాడ్యూల్ తీసేటప్పుడు బిగుసుకుపోవడం గురించి. మీ రిమూవ్ ఫంక్షన్ ముందు ‘మోడ్ కాన్ఫిగ్ మ్యూటెక్స్’ అనే లాక్ పట్టుకుని, దాన్ని వదలకుండానే ‘ఫ్రీ ఐఆర్‌క్యూ’ని పిలుస్తోంది. నడుస్తున్న ఇంటరప్ట్ థ్రెడ్ పూర్తయ్యేదాకా ‘ఫ్రీ ఐఆర్‌క్యూ’ ఆగుతుంది. ఆ థ్రెడ్ ‘డీఆర్‌ఎం హెల్పర్ హెచ్‌పీడీ ఐఆర్‌క్యూ ఈవెంట్’ లోపల అదే మ్యూటెక్స్ కోసం ఆగి ఉంది. ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఇద్దరూ కదలరు. కేబుల్ కదిలిన క్షణంలోనే ఇది పడుతుంది కాబట్టి మీకు ‘ఒక్కోసారి’ అనిపిస్తోంది.

ఏ లాకూ చేతిలో లేకుండా ముందు ఇంటరప్ట్‌ని ఆపండి. తర్వాత డిలేడ్ వర్క్‌ని సింక్‌గా క్యాన్సిల్ చేయండి. ఈ వరుస తిరగబడకూడదు, ఎందుకంటే ఇంటరప్ట్ బతికుంటే క్యాన్సిల్ చేసిన వర్క్‌ని మళ్లీ పెట్టేస్తుంది. ఆ తర్వాత పోలింగ్ ఆపి, చివర్లో డివైస్‌ని అన్‌రిజిస్టర్ చేయండి. ప్రోబ్‌లో దీనికి సరిగ్గా తలకిందులు, అంటే కనెక్టర్లన్నీ సిద్ధమయ్యాకే ఇంటరప్ట్ తెరవాలి. తెరిచిన వెంటనే ఒకసారి లెవెల్ చదవడం మర్చిపోకండి. బూట్‌కి ముందే కేబుల్ పెట్టి ఉంటే ఎడ్జ్ ఎప్పటికీ రాదు. సస్పెండ్ నుంచి లేచినప్పుడు కూడా ఇదే పని. నిద్రలో ఉండగా ఎవరు ఏ మానిటర్ మార్చారో మీకు ఏ కబురూ రాదు, అన్ని కనెక్టర్లనీ మళ్లీ చూడాల్సిందే. డెవలప్‌మెంట్ కెర్నల్‌లో లాకుల తప్పులు పట్టే లాక్‌డెప్ ఆన్ చేసి నడపండి, వర్క్‌క్యూ వైపు పడే చిక్కుముడులు చాలావరకు అదే పట్టిస్తుంది.

ఇంకో విషయం మీరు అడగలేదు కానీ మీ కోడ్‌లో ఉంది. అన్‌ప్లగ్ కాగానే డ్రైవరే డిస్‌ప్లే పైప్‌ని, అంటే స్క్రీన్‌కి ఫ్రేములు పంపే హార్డ్‌వేర్‌ని, ఆపేస్తోంది. డీఆర్‌ఎంలో ఆ నిర్ణయం యూజర్‌స్పేస్‌ది. డ్రైవర్ స్టేటస్ మార్చి ‘హాట్‌ప్లగ్ ఒకటి’ అనే యూఈవెంట్ పంపి ఊరుకోవాలి. మీరు మధ్యలో పైప్ ఆపితే, అప్లికేషన్ అప్పటికే పంపిన ఫ్రేమ్ తాలూకు ఫ్లిప్ పూర్తికాక వేలాడుతుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. 4కే 60 హెర్ట్జ్ లాంటి మోడ్‌లో, అంటే హెచ్‌డీఎంఐ డేటా వేగాన్ని నడిపే టీఎండీఎస్ క్లాక్ 340 మెగాహెర్ట్జ్ దాటినప్పుడు, హెచ్‌డీఎంఐ 2.0 స్క్రాంబ్లింగ్ (బిట్లని కలగలిపి పంపడం) వాడుతుంది. కేబుల్ తీసి పెడితే టీవీ ఆ సెట్టింగ్‌ని మర్చిపోతుంది, యూజర్‌స్పేస్‌కి ఆ సంగతే తెలియదు. అక్కడ డ్రైవరే టీవీలోని ఎస్‌సీడీసీ రిజిస్టర్ చూసి, స్క్రాంబ్లింగ్ పోయి ఉంటే లింక్‌ని మళ్లీ పైకి తేవాలి. ‘ఫుల్ హెచ్‌డీలో బాగుంది, 4కేలో కేబుల్ తీసి పెడితే నలుపు’ అన్న ఫిర్యాదు వస్తే మొదట ఇదే చూడండి.

మీ తర్వాతి బోర్డులో డిస్‌ప్లేపోర్ట్ ఉందన్నారు. ఈ డీబౌన్స్ కోడ్‌ని అక్కడికి కాపీ చేయకండి. డిస్‌ప్లేపోర్ట్‌లో మానిటర్ 0.5 నుంచి 1 మిల్లీసెకను పొట్టి పల్స్‌తో ‘లింక్ చూడు’ అని పిలుస్తుంది. 2 మిల్లీసెకన్లు దాటి కిందే ఉంటేనే అన్‌ప్లగ్. పొట్టి పల్స్ రాగానే ఆక్స్ అనే పక్క ఛానెల్ మీద మానిటర్‌లోని డీపీసీడీ రిజిస్టర్ల స్టేటస్ చదివి, లింక్ చెడితే మళ్లీ ట్రెయిన్ చేయాలి. మీ 150 మిల్లీసెకన్ల లెక్కలో ఆ పల్స్‌కీ అన్‌ప్లగ్‌కీ తేడానే తెలియదు. టైప్-సీలో అయితే చాలాసార్లు పిన్నే ఉండదు, హెచ్‌పీడీ ఒక పీడీ (పవర్ డెలివరీ) మెసేజ్‌గా వస్తుంది. ఇక కాలేజీ సెమినార్ హాళ్లలో ఇంకా ఉన్న వీజీఏ ప్రొజెక్టర్లకి హెచ్‌పీడీ పిన్నే లేదు. అక్కడ డీఆర్‌ఎం హెల్పర్ 10 సెకన్లకోసారి పోల్ చేస్తుంది, కాబట్టి కేబుల్ పెట్టి కాసేపు ఆగమని వాడేవాళ్లకి ముందే చెప్పండి.

ఒకే స్క్రీన్ ఎప్పటికీ ఉండే సైన్‌బోర్డు లాంటి చోట నా సలహా వేరు. కెర్నల్ కమాండ్ లైన్‌లో ‘వీడియో’ పారామీటర్‌తో ఆ కనెక్టర్‌ని బలవంతంగా ఆన్ చేసి, ఈడీఐడీని ఫైల్ నుంచి ఇచ్చేయండి. పైన చెప్పిన కరెంటు గొడవల్లో సగం దాంతోనే సర్దుకుంటాయి. స్క్రీన్ మార్చినప్పుడు ఆ ఫైల్ కూడా మార్చాలని ఇన్‌స్టాల్ చేసేవాళ్లకి కాగితం మీద రాసి ఇవ్వండి.

కోడ్ ముట్టుకునే ముందు ఒక గంట కొలతలకి కేటాయించండి. మల్టీమీటర్‌తో 17వ పిన్ గ్రౌండ్‌కీ 19వ పిన్‌కీ మధ్య వోల్టేజ్ చూడండి. హై అంటే కనీసం 2 వోల్టులు, లో అంటే 0.8 లోపు ఉండాలి. మధ్యలో తేలుతుంటే అది డ్రైవర్ సమస్య కాదు, మీ లెవెల్ షిఫ్టర్‌నో పుల్‌డౌన్‌నో చూడాలి. తర్వాత ఒక టెర్మినల్‌లో ఈవెంట్లు చూపే ‘యూడెవ్ అడ్మిన్ మానిటర్’, ఇంకోదానిలో ‘ప్రోక్ ఇంటరప్ట్స్’ పెట్టుకుని, డీఆర్‌ఎం డీబగ్ విలువ 6 ఇచ్చి, కేబుల్‌ని ఇరవైసార్లు తీసి పెట్టండి. కొన్నిసార్లు నెమ్మదిగా, కొన్నిసార్లు వంకరగా. ఇంటరప్ట్ లెక్క పెరిగి ఈవెంట్ రాకపోతే తప్పు మీ కోడ్‌లో ఉంది. లెక్కే పెరగకపోతే వైరులోనో రిజిస్టర్ సెటప్‌లోనో ఉంది. సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ కనెక్టర్ ‘స్టేటస్’ ఫైల్‌లోకి ‘డిటెక్ట్’ అని రాస్తే చేత్తో ప్రోబ్ చేయించవచ్చు. అలా చేస్తే స్క్రీన్ వచ్చి, కేబుల్ పెడితే రాకపోతే, క్లియర్ చేసే వరుస దగ్గరే మీ లోపం ఉందని దాదాపు ఖాయం.

ఆ ఇరవైసార్ల లాగ్, మీ చిప్ ఇంటరప్ట్ రిజిస్టర్ల పేజీ ఇక్కడే పెట్టండి. ఆదివారం సాయంత్రం కూర్చుని చూస్తాను.